బస్టాండు ఎదుట విమానాశ్రయ మర్యాదలు

ఈమెయిలు అనేది ఒక్కరే కూర్చుని చదువుకునేదని హిందూపురానికి ఇంకా తెలియని రోజులవి. రెండువేల సంవత్సరం దాటిన కొత్త. ఎవరికైనా మెయిలు వచ్చిందంటే దాన్ని చదవడానికి ఇంటర్నెట్ సెంటరుకు కనీసం ముగ్గురు వచ్చేవారు: మెయిలు వచ్చినవాడు, ఇంగ్లీషు తెలిసినవాడు, ఊరికే తోడొచ్చినవాడు. ముగ్గురూ తెర ముందు తలలు చేర్చి పైకి చదువుకుంటుంటే, పక్క కంప్యూటరు దగ్గరివాళ్ళు తమ పని ఆపి వినేవారు. విని ఊరుకోకుండా సలహా కూడా చెప్పేవారు. ఒకసారి ధర్మవరం చీరల వ్యాపారి ఒకాయనకు కూతురి పెళ్ళి సంబంధం గురించి మెయిలు వస్తే, అక్కడున్న ఏడుగురూ అబ్బాయి ఫోటో చూసి, "చెవులు పెద్దవిగా ఉండాయి గానీ మంచోని మాదిరే ఉండాడు, కానియ్యప్పా" అని తీర్మానం చేసి పంపించారు. (ఆ పెళ్ళి జరిగిందని తర్వాత విన్నాను. చెవుల సంగతి తెలియదు.)

ఈ పద్ధతిని మార్చడానికి పుట్టినవాణ్ణి నేనేనని అప్పట్లో నాకు గట్టి నమ్మకం. బస్టాండు ఎదుట, మేడ మీద, మా బావ నడిపే ఇంటర్నెట్ సెంటరులో నేను ఉద్యోగిని. ఉద్యోగి అంటే ఉన్న ఒక్కడినీ నేనే. మాది పెనుకొండ. నాయన దూది ఏకి పరుపులు కుట్టేవాడు, అవ్వ దిండ్లకు గలేబులు కుట్టేది. దూది దుమ్ముకు నాకు దగ్గు వస్తుందనే సాకుతో (సగం నిజమే) చిన్నప్పటి నుంచీ శాఖా గ్రంథాలయంలోనే పెరిగాను. ఇంటర్ తప్పాక అదే నాకు కాలేజీ. అక్కడున్న నాలుగు బీరువాల్లో మూడింటిని వరసపెట్టి చదివేశాను. నాలుగోదానికి తాళంచెవి పోయింది కాబట్టి ఆగాను. పశువులకు వచ్చే గాలికుంటు జబ్బు మొదలు గ్రహణాల దాకా నాకు తెలియనిది లేదని నేననుకునేవాణ్ణి. మా వీధివాళ్ళకు మాత్రం నా గురించి ఒకే విషయం తెలుసు, ఇంటర్ తప్పానని.

ఆ గ్రంథాలయంలోనే, ఎవరో రిటైరైన అధికారి ఇచ్చిపోయిన పాత ఇంగ్లీషు పత్రికల కట్టలో నాకా పేజీ దొరికింది. విమానాశ్రయాల్లో ప్రయాణికులు వేచి ఉండే గదుల్లో నలుగురికీ కలిపి కంప్యూటర్లు పెడతారట. వాటిని పంచుకునేటప్పుడు పాటించవలసిన మర్యాదలట. నేనప్పటికి విమానాశ్రయం చూడలేదు. విమానాన్ని చూశాను, పెనుకొండ కొండ మీద నుంచి, ఆవగింజంత. అయినా ఆ పేజీ చదువుతుంటే ఎవరో నన్ను పేరు పెట్టి పిలిచినట్టయింది. నిఘంటువు పక్కన పెట్టుకుని మూడు ఆదివారాలు కూర్చుని దాన్ని తెలుగులోకి దించాను. పెద్ద డ్రాయింగు షీటు మీద స్కెచ్ పెన్నులతో రాసి సెంటరు గోడకు అతికించాను. పైన ఎర్రటి అక్షరాలతో 'విమానాశ్రయ మర్యాదలు' అన్న పేరును అలాగే ఉంచాను. అది తీసేస్తే రాసింది నేనేనని తెలిసిపోతుందనీ, తెలిస్తే ఎవరూ లెక్కచేయరనీ నా భయం.

పక్కవారి తెర వంక చూడరాదు అన్నది మొదటిది. వెనక ఎవరైనా వేచి ఉంటే పదిహేను నిమిషాలకు లేవవలెను. మీటల మీద తినుబండారములు రాల్చరాదు. త్వరగా బయలుదేరవలసిన వారికి ముందుగా అవకాశమివ్వవలెను. (మూలంలో విమానం అని ఉన్నచోట నేను బస్సు అని మార్చాను, అదొక్కటే స్వతంత్రించింది.) ఐదవది నాకు అన్నిటికంటే ఇష్టమైనది కాబట్టి పచ్చరంగులో రాశాను: 'కుర్చీ వదిలి వెళ్ళినవారు హక్కును కూడా వదిలి వెళ్ళినట్లే. వస్తువులు ఉంచి స్థలమును ఆపరాదు.'

అతికించిన రోజే ఒక రైతు మెట్లెక్కి వచ్చి, షీటు పేరు చదివి, "ఏమప్పా, విమానం టికెట్లు గూడా ఈడనే ఇస్తారా?" అన్నాడు. బావ అయితే నెత్తి పట్టుకున్నాడు. "రేయ్, జనం ఈడికొచ్చేదే నాలుగు మాటలు చెప్పుకునేకి. నువ్వు నోర్లు మూయించి పంపిస్తే మళ్ళ వస్తారా వాళ్ళు?" అన్నాడు. "నాగరికత అలవాటయ్యేదాకా కొంచెం కష్టమే బావా" అన్నాను నేను. బావ నా వైపు జాలిగా చూసి, "నీకు పెండ్లి చేయల్ల రా" అన్నాడు. నేను వెనక్కి తగ్గలేదు. చేతిలో స్కేలు పట్టుకుని, ఎవరి తల పక్క తెర వైపు తిరిగితే వాళ్ళ బల్ల మీద టకటక కొట్టేవాణ్ణి. కుర్చీ మీద సంచి పెట్టి టీకి పోయినవాడు తిరిగొచ్చేసరికి వాడి సంచి మెట్ల దగ్గర ఉండేది.

ఒక్కరి విషయంలో తప్ప. ఆయన లారీల మామ. ఆయనకు మూడు లారీలుండేవి. మా సెంటరు ఉన్న మేడ కూడా ఆయనదే. ఎవరికీ సొంత మామ కాదు, బజారందరికీ మామ. రోజూ పదకొండుకు వచ్చి కంప్యూటరులో ఒక్కడే పేకాట ఆడుకునేవాడు. మధ్యలో ఎప్పుడు బుద్ధి పుడితే అప్పుడు భుజం మీది టవాలు తీసి కుర్చీ మీద వేసి, ఎదురుగా ఉన్న హోటలుకు పోయేవాడు. మా వైపు బస్సు ఆగకముందే కిటికీలోంచి సీటు మీద టవాలు వేస్తే ఆ సీటు వేసినవాడిదే. రిజిస్టరు చేయించిన స్థలానికైనా గొడవ వస్తుందేమో గానీ టవాలు వేసిన సీటుకు రాదు. పైగా పెద్దమనిషి టవాలును ఇంకొకడు చేత్తో పట్టి తీశాడంటే నలుగురిలో ఆయన తలపాగా లాగినంత పని. అందుకని మామ గంటసేపు రాకపోయినా ఆ టవాలే కూర్చుని కంప్యూటరు చూస్తూ ఉండేది. ఐదో మర్యాద మరి దానికెందుకు వర్తించదు? నాకు నేనొక సమాధానం చెప్పుకున్నాను: మూలంలో బ్యాగుల గురించి, తొడుక్కునే కోట్ల గురించి ఉంది గానీ, టవాళ్ళ గురించి లేదు. (మూడు బీరువాలు చదివినవాడికి ఇలాంటి సమాధానాలకు కొదవ ఉండదు.)

అది వేసవి. ఉన్నవి రెండే కంప్యూటర్లు, అందులో ఒకదాని తెర ముందురోజు పొగ కక్కి చల్లారింది. దాన్ని గోనెపట్టలో చుట్టుకుని బావ పొద్దున బస్సుకు బెంగళూరు వెళ్ళాడు. మిగిలిన ఒక్కదాని ముందు టవాలు కూర్చుని ఉంది. టైము ఒంటిగంట ఇరవై. అప్పుడు, పట్టుగూళ్ళ మార్కెట్టు నుంచి నేరుగా వచ్చినట్టు భుజాన ఖాళీ గంపతో ఒక రైతు, ఆయన వెనక రొప్పుతూ ఒక అమ్మాయి మెట్లెక్కి వచ్చారు.

"ఏమప్పా, మెయిలు పంపించేది ఈడనేనా? గుడిబండ నుంచి వచ్చినాం. బిరీన కావల్ల" అన్నాడు రైతు.

సంగతి అమ్మాయి చెప్పింది. "బెంగళూరు కంపెనీలో ఇంటర్వ్యూ ఇచ్చినా అన్నా. తీసుకుంటామని మెయిలు పెట్టినారంట. ఈ పొద్దు మూడు గంటల లోపల వస్తానని జవాబు పెట్టకపోతే నా తర్వాత ఉండే పేరుకు ఇచ్చేస్తారంట. నాతో చదివిన పాప పొద్దున పక్కింటికి ఫోన్ చేసి చెప్తే ఇప్పుడు తెలిసింది. ఫోన్లో చెప్తే ఒప్పుకోరంట, మెయిలే పెట్టల్లంట."

మూడు గంటలంటే చాలా టైముంది కదా అని మీరనుకోవచ్చు. ఆ వేసవిలో మా వీధికి కరెంటు కోత రెండు నుంచి ఐదు దాకా. అంటే ఆ అమ్మాయికి ఉన్నది నలభై నిమిషాలు. అందులో ఫోను లైను కీచుమని గీపెట్టి ఇంటర్నెట్టు తగులుకోవడానికే, దాని బుద్ధిని బట్టి, పది పదిహేను నిమిషాలు పట్టేది.

రైతు గంప దించి, "ఇదో ఖాళీగానే ఉండాదే" అంటూ కుర్చీ దాకా వెళ్ళి, టవాలు చూసి రెండడుగులు వెనక్కి వేశాడు. "ఓ, ఎవురో ఉండారు" అన్నాడు. ఎవరూ లేని కుర్చీని చూసి ఆ మాట అన్నాడాయన. ఎవరూ నవ్వలేదు. నాకూ నవ్వు రాలేదు.

నేను మెట్లు దిగి హోటలుకు పరుగెత్తాను. మామ ఉగ్గాని తింటున్నాడు, ప్లేటులో ఇంకా రెండు బజ్జీలున్నాయి.

"మామా, ఒక పాపకు అర్జెంటు మెయిలు ఉండాది. పది నిమిషాలు కంప్యూటర్ ఇస్తావా?"

"నా టవాలు లేదా ఆడ?"

"ఉండాది మామా."

"టవాలుంటే నేనున్నట్లే కదా. నేనుండంగా ఇంగొకరు ఎట్ల కూచుంటారు?"

"నువ్వు ఈడుండావు కదా మామా."

ఆయన బజ్జీని మిరపకాయ దాకా కొరికి, పక్క బల్లవాళ్ళకు కూడా వినిపించేలా అడిగాడు: "బస్సులో టవాలేస్తే సీటు ఎవురిదిరా?"

"వేసినోళ్ళదే మామా."

"మళ్ళ?"

"అది బస్సు కాదు మామా."

"బస్సు కాకపోతే ఏంది, విమానమా?"

హోటలంతా నవ్వింది. నా షీటు సంగతి అందరికీ తెలుసు. "కానీలే, తిని, టీ తాగి వస్తా. అంతదాకా నిలబడమను" అన్నాడు మామ, రెండో బజ్జీ అందుకుంటూ. ఆయన టీ ఎంతసేపు తాగుతాడో నాకు తెలుసు. అందులో లారీల కథలు కూడా ఉంటాయి.

తిరిగొచ్చేసరికి అమ్మాయి గోడ ముందు నిలబడి షీటు చదువుతోంది. అంతకుముందు ఆ షీటును చివరిదాకా చదివినవాళ్ళెవరూ లేరు. నేను లోపలికి రాగానే తిరిగి, "ఇది ఎవరు రాసిండేదన్నా?" అంది.

ఎన్నాళ్ళుగానో ఎవరైనా అడిగితే బాగుండునని నేను ఎదురుచూసిన ప్రశ్న అది. "నేనే" అన్నాను. గొంతులో కొంచెం గర్వం కూడా పలికిందనుకుంటాను.

అమ్మాయి పచ్చరంగు అక్షరాల వైపు చూసింది. టవాలు వైపు చూసింది. నా వైపు చూసింది. "మళ్ళ?" అంది.

హోటల్లో మామ అన్నదీ ఆ ముక్కే. కానీ ఈ అమ్మాయి అన్నప్పుడు నా చెవులు వేడెక్కాయి. సంచులవాళ్ళ మీద, పిల్లకాయల మీద, బుక్కపట్నం నుంచి వచ్చి బిక్కుబిక్కుమంటూ కూర్చునే చేపల వ్యాపారి ఒకాయన మీద స్కేలు ఆడించిన వీరుణ్ణి, ఒక గజం గుడ్డ ముందు చేతులు కట్టుకు నిలబడి ఉన్నాను. ఆ క్షణంలో నాకు మామ మీద కంటే నా మీద ఎక్కువ కోపం వచ్చింది. కుర్చీ దగ్గరికి వెళ్ళి రెండు చేతులతో టవాలు ఎత్తి, మర్యాదగానే మడిచి, నా కుర్చీ మీద పెట్టాను. చల్లగా, కొబ్బరినూనె వాసన వేస్తోంది. రైతు ముఖం పాలిపోయింది. "వద్దప్పా, ఎవురిదో ఏమో" అన్నాడు.

"కూచో పాపా" అన్నాను.

లైను మొదటిసారి తగల్లేదు. రెండోసారి తగిలి తెగిపోయింది. మూడోసారి తగులుకునేసరికి ఒకటీ నలభై. తెర మీద పేజీ పైనుంచి కిందికి, గోడకు సున్నం వేసినట్టు నిదానంగా దిగుతోంది. (తెర వంక నేను చూస్తున్నానని గమనించి మొహం పక్కకు తిప్పుకున్నాను. నియమం నియమమే.) అమ్మాయి ఒక్కొక్క అక్షరం వెతుక్కుని కొడుతోంది. అప్పుడు మెట్ల మీద మామ చెప్పుల చప్పుడు.

"నా టవాలు ఎవురు తీసింది?"

"నేనే మామా."

"నువ్వా?" ఆయనకు నిజంగానే ఆశ్చర్యం వేసింది. "పరుపులు కుట్టేటోని కొడుకువి, నా టవాలు ముట్టుకుంటివా? ఈ మేడ ఎవురిదిరా?"

"మేడ నీదే మామా. కుర్చీ బావది. ఆ కుర్చీలో టైము ఇప్పుడు పాపది. ఇంగా పది నిమిషాలుండాది."

"లేయ్ పాపా, పోదాం. మనకెందుకు పెద్దోళ్ళతో" అని రైతు కూతురి భుజం పట్టుకున్నాడు. అమ్మాయి సగం లేచింది. "లేయొద్దు!" అని నేను అరిచిన అరుపుకు నేనే ఉలిక్కిపడ్డాను. అమ్మాయి కూర్చుంది. నేను గోడవైపు తిరిగి ఐదో మర్యాదను బడిపిల్లవాడిలా పైకి చదివాను. ఒక్కొక్క మాట కిందా స్కేలు ఆనించి మరీ చదివాను.

మామ అంతా విన్నాడు. విని, "సరే, కుర్చీ బావది. కరెంటు ఎవురిదో చూపిస్తా ఉండు" అని గిర్రున తిరిగి మెట్లు దిగసాగాడు. మెయిన్ స్విచ్చి మెట్ల కింద ఉంటుంది. నేను ఆయన పక్కనుంచి ఎట్లా దూరానో, ఎన్ని మెట్లు ఎగిరానో గుర్తులేదు. ఆయన కంటే ముందు వెళ్ళి, స్విచ్చి పెట్టెకు వీపు ఆనించి, రెండు చేతులూ బారజాపి నిలబడ్డాను. నా బరువు అప్పుడు నాయన కుట్టిన ఒక మంచి పరుపంత కూడా ఉండదు. బస్టాండు జనం మూగారు.

"లేయ్ పక్కకు. కరెంటు తీయకూడదని రాసినావా ఆ కాగితంలో?"

"లేదు మామా. ఇప్పుడు రాస్తాండా. ఆరోది."

జనంలో ఎవరో కిసుక్కున నవ్వారు. మామ చెయ్యెత్తాడు. కొడతాడనే అనుకున్నాను. కళ్ళు మూసుకున్నాను గానీ చేతులు దించలేదు. ఆయన చెయ్యి దిగలేదు. ఎత్తినంతసేపు ఎత్తి, "నీ బావ రానీ" అని దించేశాడు. అంతలో పైనుంచి అమ్మాయి తొంగిచూసి, "అన్నా! మెయిలు పంపించినా. చేరిందని చూపిస్తాంది!" అని కేకేసింది. ఆ కేక అయిన నాలుగైదు నిమిషాలకే, రెండు కాకముందే, వీధి మొత్తం కరెంటు పోయింది. "చూడప్పా" అన్నాడు మామ, గుంపు వైపు తిరిగి, "నేను ముట్టుకోనే లేదు."

సాయంత్రం బావ దిగగానే పంచాయితీ జరిగింది. మామ కోరింది పెద్దదేం కాదు. అందరి ముందు నేను ఆ టవాలు నా చేతులతో ఆయన భుజాన వేసి, తప్పయిందని ఒక మాట చెప్పాలి. "రెండు మాటలేరా, చెప్పేయ్" అని బావ చెవిలో బతిమాలాడు. నేను టవాలు తెచ్చి మామ భుజం మీద నిండుగా వేశాను. "చెప్పు" అన్నాడు మామ. "ఇదో మామా, నీ టవాలు" అన్నాను. "తప్పయిందని చెప్పు." "తప్పు కాలేదు మామా." బావ కళ్ళతో దండం పెట్టాడు. పాపం, మేడ ఖాళీ చేయమంటే ఆయన సంసారం ఏమవుతుందో నాకూ తెలుసు. అందుకే బావను ఇరుకున పెట్టకుండా, నా టిఫిను డబ్బా తీసుకుని నేనే మెట్లు దిగి పెనుకొండ రైలెక్కాను. ఆ మంచితనం గురించి రైల్లో నన్ను నేను చాలా మెచ్చుకున్నాను. మలుగూరు దాటాక కొంచెం ఏడ్చాను.

నాయన దూది ఏకుతూ అంతా విని, "టవాలు తీసినందుకు పని పోయిందా?" అన్నాడు. అవునన్నాను. "మంచి టవాలేనా?" అన్నాడు. మంచిదే నాయనా అన్నాను. ఆయన చాలాసేపు నవ్వి, చేతిలోని కర్ర నాకిచ్చాడు. "దగ్గొస్తే దగ్గు. రేపటి నుంచి నువ్వే ఏకు."

ఆరు నెలలు ఏకాను. ఒకరోజు హిందూపురంలో ఒకరింటికి పరుపు ఇవ్వాలని నెత్తిన పెట్టుకుని పోతుంటే, పట్టుగూళ్ళ మార్కెట్టు దగ్గర ఎవరో "ఏమప్పా, ఏమప్పా" అని వెంటపడ్డారు. గుడిబండ రైతు. నేను ఎన్నాళ్ళుగానో మనసులో దాచుకున్న ప్రశ్న అడిగాను, పాప పనిలో చేరిందా అని.

ఆయన నేలచూపులు చూశాడు. "చేరె. నెలన్నర ఉండి వచ్చేసెప్పా. ఆడ సాంబార్లో బెల్లమేస్తారంట. మళ్ళ ఆ ఆఫీసాయన ఊరికే అరుస్తాండంట. నాకొద్దని కాగితం రాసిచ్చి బస్సెక్కేసింది. ఇప్పుడు మడకశిరలో పిల్లోళ్ళకు కంప్యూటర్ నేర్పిస్తాంది. నీ పని గూడా పోయెనంట కదా దీనికోసం... నీకు మొగం చూపించేకి నాకు సిగ్గయితాంది."

నిజం చెప్పాలంటే ఆ మాట వినగానే నెత్తి మీది పరుపు కింద దించేశాను. బెల్లం కోసమా నేను ఆరు నెలలుగా దగ్గుతున్నాను! తర్వాత అడిగాను, "వద్దనింది పాపనే కదా?"

"పాపనే. ఇంగెవురంటారు?"

"అయితే సరిపోయెలే" అన్నాను.

ఆయనకు అర్థమైందో లేదో తెలియదు. నాకు మాత్రం అర్థమైంది. వద్దనుకున్నది ఆ అమ్మాయి, తనంతట తాను, కాగితం మీద సంతకం పెట్టి. ఆ రోజు నేను తీయకపోయి ఉంటే ఆ మాట ఆమె బదులు ఒక టవాలు చెప్పేసి ఉండేది. పరుపు మళ్ళీ నెత్తికెత్తుకుని, ఏదో గెలిచివచ్చినవాడిలా బజారు మధ్యలో నడిచాను. లారీలవాళ్ళు హారను కొట్టినా పక్కకు తప్పుకోలేదు.

ఆ తర్వాత నేనూ కొన్ని ఉద్యోగాలు చేశాను. నా తప్పు లేకపోయినా తప్పయిందని చెప్పడం నేర్చుకున్నాను. ఇప్పుడు రెండు మాటలేం ఖర్మ, నాలుగు చెప్పమన్నా చెప్తాను. అంత పెద్ద పరుపు కింద అప్పటి నా సన్నటి మెడ అంత నిటారుగా ఎలా నిలబడిందా అని తలుచుకుంటే నవ్వొస్తుంది. అప్పటి ఆ కుర్రవాడు అలాగే నడిచిపోతూ ఉంటాడు నా కళ్ళ ముందు. ఎప్పుడైనా వెనక్కి తిరిగి నన్ను చూస్తాడేమోనని కొంచెం సిగ్గుగానూ, కొంచెం ఆశగానూ ఉంటుంది.